బురదంటని కాళ్లు

కువైట్‌లోని అబ్బాసియాలో నా గదిలో ఉండే లంకాయనది కోనసీమ. తుఫానుకు పోయిన మడ అడవిని వాళ్ల లంక ఊరంతా కలిసి మళ్లీ పెంచింది. అడవి చూడవచ్చినవాళ్లు ఒక మొక్క నాటితేనే పడవ ఎక్కనిచ్చేవారట. "కాళ్లకి బురదంటనోడికి పడవ లేదండి," అని ఏ మాటొచ్చినా అనేవాడు.

ఇక్కడ ఆయన నర్సరీ కూలీ. ఒకరోజు సముద్రం ఒడ్డున మడ మొక్కలు నాటడానికి పెద్దమనుషులు వచ్చారు. వాళ్ల కోసం బురద మీద తివాచీ పరిచారు. ప్లాస్టిక్ కవర్లయినా విప్పకుండా మొక్కల్ని గుంటల్లో పెట్టి, ఫోటోలు దిగారు.

"కవరిప్పకపోతే వేరెక్కడికెల్తాదండీ? చంపేత్తన్నారు!" అని లంకాయన అరిచాడు. సూపర్‌వైజర్ "ఖలాస్, యల్లా" అని, ఇక చాలు పొమ్మని కసిరాడు. లంకాయన ఆ పెద్దమనుషుల కాళ్ల కింద తివాచీ లాగి అవతల పారేశాడు.

వారంలో ఆయన ఇఖామా రద్దయి, దేశం వదిలి వెళ్లాల్సొచ్చింది.

తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ పెద్దమనుషుల మీదే అనుకునేవాణ్ని. వాళ్లను తీసుకెళ్లిన డ్రైవర్ని నేనే. తివాచీ పారేశాక మోకాలిలోతు బురదలో ఆయనొక్కడే కవర్లు విప్పుతుంటే, బూట్లు పాడవుతాయని నేను కారు దిగలేదు.