ఈడ పిల్ల

ఉని అంటే వాళ్ల భాషలో అక్క. సుమత్రా దీవిలో మినాంగ్‌కబావ్ జనం ఉండే ఒక కొండపల్లె ఆవిడది. ఎనిమిదేళ్లుగా నేను ఆవిడను ఉని అనే పిలుస్తున్నాను. డాలస్ పక్కన కాపెల్‌లో మా ఇళ్లు ఎదురెదురు. ఒకే డేకేర్‌లో పని, రోజూ ఒకే కారులో ప్రయాణం. ఇన్నేళ్లలో ఆవిడకు నా మీద ఒక్కసారే కోపం వచ్చింది. అదీ మామ అనే మాట వల్ల.

ఒక శుక్రవారం కారులో ఆవిడ, వచ్చే వారం ఊరి నుంచి మామక్ వస్తున్నాడని, తన కూతురిని ఒక మాట అడుగుతాడని, ఆ పిల్ల అవునో కాదో చెప్పాలని అంది. మామక్ అంటే తల్లికి అన్నో తమ్ముడో, అంటే మన మేనమామే. గోదావరి జిల్లాలో పుట్టినదాన్ని, మేనమామ సముద్రాలు దాటి వచ్చి మేనకోడలిని అవునా కాదా అని అడుగుతున్నాడంటే నాకు ఇంకేం తోస్తుంది? మా పెద్దమ్మ చేసుకున్నది మేనమామనే. మర్నాడు ప్లేనోలో మనవాళ్ల మిఠాయి కొట్టుకు వెళ్లి లడ్డూల డబ్బా కొన్నాను. ఆ పిల్ల బెంటన్‌విల్‌లో ఉద్యోగం చేస్తుంది. వీకెండ్‌కని అయిదు గంటలు డ్రైవ్ చేసుకుని అప్పుడే వచ్చింది. డబ్బా చేతిలో పెట్టి, "మొత్తానికి మామనే చేసుకుంటున్నావన్నమాట" అన్నాను.

ఉని గరిట కింద పెట్టేసింది. మీ దేశంలో మేనమామలను పెళ్లి చేసుకుంటారా అని అడిగింది. మీరు మనుషుల్ని తింటారా అని అడిగితే కూడా ఆ గొంతు అలాగే ఉండేదేమో. నేను సర్దిచెప్పబోయి, మా పెద్దమ్మ సంగతి చెప్పి, ఉన్నది కాస్తా చెడగొట్టుకున్నాను. రెండు రోజులు ఎవరి కారులో వాళ్లం వెళ్లాం. మూడో రోజు తనే హారన్ కొట్టి ఎక్కమంది. దారిలో నవ్వు ఆపుకోలేక స్టీరింగ్ మీద చెయ్యి కొట్టుకుంటూ, వాళ్ల ఊరి పద్ధతి మొత్తం చెప్పింది.

వాళ్ల పల్లెలో ఇల్లు, మడి, చేపల గుంట అన్నీ ఆడవాళ్లవి. తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి. అమ్మడానికి లేదు. దున్నపోతు కొమ్ముల్లా రెండు చివరలా పైకి లేచిన కప్పుతో పొడవాటి చెక్క ఇల్లు ఉంటుంది. అందులో గదులన్నీ కూతుళ్లవి. కొత్తగా పెళ్లయిన కూతురికి చివరి గది ఇస్తారు. తర్వాత చెల్లెలికి పెళ్లయితే అక్క పక్క గదికి జరుగుతుంది. అల్లుడు వచ్చి ఉంటాడు, అంతే. మొద్దు మీది బూడిద అంటారట అతన్ని, గాలి వీస్తే పోయేవాడని. మా వైపు ఇల్లరికం అల్లుడంటే వీధి వీధంతా నవ్వుకుంటుంది. అక్కడ ఊళ్లో మగవాళ్లందరూ ఇల్లరికం అల్లుళ్లే కాబట్టి నవ్వేవాళ్లే లేరు. కొడుకులకు మాత్రం ఆ ఇంట్లో గది లేదు. ఉని అన్నలు ఏడేళ్లు నిండగానే ఊరి చిన్న మసీదులో పడుకునేవాళ్లట. ఇది ఒక్కటే నాకు మింగుడుపడలేదు. ఆ మాటే అంటే, మరి మీ ఇళ్లల్లో కూతుళ్ల గది ఏమవుతుందని అడిగింది. మా పుట్టింట్లో నా గదిలో ఇప్పుడు వాషింగ్ మెషీన్ ఉంది.

మా అమ్మమ్మ, ఆడపిల్లంటే 'ఆడ' పిల్లేగాని 'ఈడ' పిల్ల కాదు, అనేది. అక్కడి పిల్ల, ఇక్కడిది కాదు అని. నేను అది నవ్వుతాల మాట అనుకుంటూనే పెరిగాను. పుట్టిన ప్రతి ఆడపిల్లా ఈడ పిల్లే అయిన ఊరు ఒకటి భూమ్మీద ఉందని నలభై ఆరేళ్ల వయసులో హైవే మీద ట్రాఫిక్‌లో తెలిసింది. నిజం చెప్పాలంటే కుళ్లుకున్నాను.

చిక్కల్లా ఏమిటంటే, ఉని తోబుట్టువుల్లో అక్కచెల్లెళ్లు లేరు. ఉన్నది ఇద్దరు అన్నలు. వాళ్ల పిల్లలు వాళ్ల తల్లుల ఇళ్లకు చెందుతారు. కాబట్టి ఉని తర్వాత ఆ ఇంటికి ఉన్నది ఒక్క ఆడపిల్ల, డాలస్‌లో పుట్టి బెంటన్‌విల్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఈ పిల్ల. తను వద్దంటే ఆ వంశం అక్కడితో సరి. పెద్దన్నకు డెబ్బై దగ్గరపడింది. కప్పు రేకులు తుప్పుపట్టాయి. ఇంటికి మనిషి ఉంటే కొత్త కప్పు వేయిస్తాడు, లేకపోతే తలుపు మూసేస్తాడు. ఆ ఒక్క మాట అడగడానికే ఆయన వస్తున్నాడు.

వచ్చాడు. సన్నగా, నల్లటోపీ పెట్టుకుని, నా లడ్డూల కథ ముందే విని ఉన్నాడు కాబట్టి నన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత అందరికంటే ముందు తనే నవ్వాడు. వచ్చిన మూడో రోజే గరాజ్‌లోంచి నిచ్చెన తీసి, ఆ ఎండలో పైకెక్కి గట్టర్లలో ఆకులు తీయడం మొదలుపెట్టాడు. నేను కంగారుపడి పరుగెత్తితే ఉని ఆపింది. చెల్లెలి ఇల్లు కదా, చూసుకోవాలి కదా అంది. ఊళ్లో కూడా అంతేనట. కాపురం భార్య ఇంట్లో, పక్క ఊళ్లో. తెల్లారగానే మోటార్‌సైకిల్ మీద చెల్లెలి ఇంటికి వచ్చి, మడికి నీళ్లు కట్టి, కిటికీలు తెరిచి గాలి ఆడనిచ్చి, సాయంత్రం మూసి వెళ్తాడు. నలభై ఏళ్లుగా ఇదే పని. ఆ ఇంట్లో ఆయనకు ఒక గది లేదు, ఆయన పిల్లలకు ఒక గింజ మీద హక్కు లేదు. అలాంటి మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

ఆ పిల్ల మాత్రం నలిగిపోయింది. జవాబు చెప్పాల్సిన శనివారం పొద్దున్నే మా ఇంటికొచ్చి కూర్చుంది. "ఆంటీ, నాకు రైస్ ఫీల్డ్ ఏం చేసుకోవాలో కూడా తెలీదు. అంతా చేసేది మామక్ ఒక్కరే. ఆయనకే ఇచ్చేస్తే ఫెయిర్ కదా?"

నాకు అది చాలా మంచి మాటగా వినిపించింది. నేను చేసింది కూడా అదే. అమ్మమ్మ మా అమ్మకు పసుపుకుంకుమల కింద ఇచ్చిన అర ఎకరం, అమ్మ పోయాక అన్నయ్యకు రాసిచ్చాను. సంతకం ఎక్కడెక్కడ పెట్టాలో పసుపు చీటీలు అంటించి మరీ కాగితాలు పంపాడు. పెట్టి పంపాను. మంచి చెల్లెలినని నలుగురూ మెచ్చుకున్నారు. అలాగే ఇచ్చెయ్యమ్మా, మామ సంతోషిస్తాడని ఆ పిల్లతో చెప్పాను. చెప్పిన మాట ఎలా నెగ్గుతుందో చూద్దామని వెంట కూడా వెళ్లాను.

భోజనాల బల్ల దగ్గర ఆ పిల్ల తనకు వచ్చిన కొద్దిపాటి భాషలో, ఇల్లూ పొలమూ మీరే తీసుకోండి, నేను సంతకం పెడతాను అంది. ఆయన ముఖం చూశాక నా ప్రాణం చివుక్కుమంది. తిట్టినా అంత చిన్నబోయేవాడు కాదేమో. ప్లేటులో అన్నం కెలుకుతూ మెల్లగా మాట్లాడాడు. ఉని ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది.

"నన్ను దొంగను చెయ్యకమ్మా అంటున్నాడు. నలభై ఏళ్లు కాపలా కాసింది నీ చేతిలో పెట్టడానికి. తీసుకునేవాళ్లు లేకపోతే నేను ఎవరిని, అంటున్నాడు."

ఆ పిల్ల తలెత్తలేదు. ఆయన మళ్లీ ఏదో అన్నాడు. అక్కడికి రానక్కర్లేదట, ఉండనక్కర్లేదట. నాది అని ఒక్క మాట అంటే చాలట. మిగతాది ఆయన చూసుకుంటాడు, ఆయన తర్వాత తమ్ముడు చూసుకుంటాడు. ఆ పిల్ల లేచి వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకుని వాళ్ల భాషలో చిన్నగా ఏదో చెప్పింది. ఉని అనువదించలేదు. తల మీది స్కార్ఫ్ అంచుతో కళ్లు తుడుచుకుంటూ వంటగదిలోకి వెళ్లిపోయింది. ఆయన మాత్రం ప్లేటు ముందుకు జరుపుకుని, ఇంకొంచెం అన్నం పెట్టమని అడిగాడు.

తిన్నాక ఆయన నావైపు తిరిగాడు. మీ అమ్మగారికి పొలం ఉండేదా అని ఉని చేత అడిగించాడు. అర ఎకరం అన్నాను. ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారని అడిగాడు.

"మా అన్నయ్య" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని తలవంచాడు. "మీ అన్నయ్యకు తన సలాం చెప్పమంటున్నాడు" అంది ఉని. "చెల్లెలి పొలం కాయడం ఎంత బరువో తనకు తెలుసంటున్నాడు."

అన్నయ్య ఆ పొలం అమ్మి మూడేళ్లయింది. అందులో ఎవరిదో రొయ్యల చెరువు ఉంది. అలాగే చెబుతానని తలూపాను. సిగ్గేసింది. అన్నయ్య అమ్మినందుకు కాదు. నీకు పొలం వద్దా అని ఎవరూ నన్ను అడగకముందే నేను పెన్ను తీసుకున్నందుకు.