జతలో ఒక పెట్టె వేసుకుని పర్చూరు దాకా

పాత స్పీకర్ల పిచ్చి ఉన్నవాళ్ళు ఎవరైనా నాలాగే పాత జత కోసం ఊరు దాటి వెళ్ళాలనుకుంటే పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నాకు మాత్రం ఈ ప్రయాణం కలిసి రాలేదు. ఆ మాట ముందే చెప్పేయడం మంచిది. తాడేపల్లిలో మా హాల్లో ఒకే ఒక్క స్పీకరు ఉండేది. టేకు పెట్టె, లోపల అన్నం పళ్ళెమంత కాగితపు కోను. దాని జత పర్చూరు పక్క పల్లెలో మస్తాన్‌వలీ ఇంట్లో ఉండేది. పెళ్ళిళ్ళు కాకముందు మేమిద్దరం గుంటూరులో ఒకే గదిలో ఉండేవాళ్ళం. నేను జిన్నింగు మిల్లులో గుమాస్తాని, వాడు మైకుసెట్టు షాపులో ఆపరేటరు. ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒక పొగాకు కంపెనీ మేనేజరు సామాను అమ్మేస్తుంటే చెరి సగం వేసుకుని ఆ జత కొన్నాం. గది ఖాళీ చేసేరోజు "రెండూ నువ్వే తీసుకుపో" అనడానికి ఇద్దరిలో ఎవరికీ నోరు రాలేదు. చెరొకటి పట్టుకుపోయాం. ఏటా వేసవిలో ఒక ఆదివారం ఒకరి పెట్టె ఇంకొకరింటికి మోసుకెళ్ళి, జతగా పెట్టుకుని వినాలని ఒప్పందం.

కొన్నేళ్ళు అలాగే జరిగింది. వాడు సొంత మైకుసెట్టు పెట్టుకున్నాక మాత్రం ఎప్పుడు ఫోన్ చేసినా పెళ్ళిళ్ళంటాడు, ఎలక్షన్లంటాడు, తిరునాళ్ళంటాడు. పోనీ నీ పెట్టె నాకు అమ్మెయ్యరా అంటే అదీ కుదరదన్నాడు. నాకు ఒళ్ళు మండేది. ఒక్క పెట్టెతో పాట అంతా వినపడుతుంది, కాదనను. కానీ రెండూ ఉంటే పాడే ఆవిడ ఆ రెండింటికీ మధ్యన, గోడ ముందు నిలబడి పాడుతున్నట్టు ఉంటుంది. ఈ మాటంటే మా ఇంట్లో నవ్వుతారు. ఆవిడ అక్కడ నిలబడగా విన్నవాడు నేను కాక ఈ లోకంలో మస్తాన్ ఒక్కడే. ఒక్కసారైనా మళ్ళీ వాడి పక్కన కూర్చుని అలా వినాలని, ఈ మార్చిలో నేనే పట్టుబట్టి ఆదివారం వస్తున్నానని చెప్పాను. "రా రా, నువ్వొచ్చేసరికి అన్నీ రెడీ చేసి పెడతా" అన్నాడు. ఎంత సంబరపడ్డానో!

బస్సులో వెళ్తే గుంటూరులో ఒకసారి, చిలకలూరిపేటలో ఒకసారి మారాలి. పెట్టెతో ఆ అవస్థ నావల్ల కాదని కారు మాట్లాడుకున్నాను. రానూపోనూ మూడున్నర వేలు, టోలు అదనం. ఆరింటికి బయల్దేరాం. పెట్టెని వెనక సీట్లో దుప్పటి చుట్టి కూర్చోబెట్టి బెల్టు పెడుతుంటే డ్రైవరు శ్రీను కళ్ళప్పగించి చూశాడు. "ఏంటి సార్ అది, దేవుడి మందిరమా?" అన్నాడు. స్పీకరని చెప్పాను. "ఇంత పెద్దదెందుకు సార్, అరచేతిలో పట్టే బ్లూటూత్‌వి వస్తున్నాయిగా?" అన్నాడు. పొద్దున్నే గొడవెందుకని ఊరుకున్నాను. గుంటూరు దగ్గర మిర్చి బస్తాల లారీల వెనక అరగంట ఇరుక్కున్నాం. అద్దాలు మూసినా ఘాటు ఆగలేదు, ఇద్దరం దగ్గుతూనే ఉన్నాం. చిలకలూరిపేటలో ఇడ్లీ తినండి, కారప్పొడిలో నెయ్యి అడిగి వేయించుకోండి. అక్కణ్ణుంచి పర్చూరు దారి బాగానే ఉంది. అటూ ఇటూ కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, పత్తి చేలల్లో ఎండిన మోళ్ళు మిగిలాయి. తొమ్మిదిన్నరకల్లా మస్తాన్ ఇంటి ముందు దిగాం.

మస్తాన్ గుమ్మంలోనే వాటేసుకున్నాడు. వాడి భార్య జానీబీ టీ తెచ్చింది. హాల్లో వాడి పెట్టె కనిపించగానే టీ పక్కన పెట్టేసి దగ్గరికి వెళ్ళాను. టేకు మీద తళతళలాడే వార్నిష్ కొట్టించాడు. ముందు గుడ్డ తీసేశాడు. లోపల కొత్త కోను, మధ్యలో వెండిరంగు మూత, డీజే బాక్సుల్లో ఉండేలాంటిది.

"ఏం చేశావురా దీన్ని?"

"గుంటూరులో మావాడి షాపులో బాగు చేయించా. కొత్త కోను, కొత్త కాయిలు. పేలిపోద్ది ఇంక!" మొహం వెలిగిపోతోంది వాడికి.

"పాతది చిరిగిందా?"

"లేదురా, బానే ఉంది. కానీ పాతదేగా? నువ్వొస్తుంటే ఆ ముసలి అట్టతో ఏం వినిపిస్తాను?"

"ఆ అట్ట ఏది?"

"అక్కడే కోసి పారేశాడు. దాంతో ఏం పనిరా?"

అయినా ఆశ చావక నా పెట్టె లోపలికి తెచ్చి, తీగలు తగిలించి, మేం గదిలో అరగదీసిన రికార్డే పెట్టాను. ఆవిడ గొంతు ఎత్తుకుంది. మధ్యకు రాలేదు. వాడి పెట్టెలోంచి ఒకావిడ అరుస్తోంది, నా పెట్టెలోంచి ఇంకొకావిడ మెల్లగా పాడుతోంది. మస్తాన్ లేచి సౌండు ఇంకా పెంచాడు. "చంపేశావు కదరా దాన్ని!" అని అరిచాను. వాడు నవ్వుతూ తల ఊపాడు, మెచ్చుకున్నాననుకున్నట్టున్నాడు. అప్పుడు గమనించాను, వాడు పక్కకి తిరిగి కూర్చుని కుడి చెవి మాత్రమే పాటకి ఇచ్చాడు.

చెయ్యి కడుక్కునే వంకతో పెరట్లోకి వెళ్తే జానీబీ వెనకే వచ్చింది. "అన్నయ్యా, ఆయనకి ఎడమ చెవి పూర్తిగా పోయింది. రెండోదీ అంతంతమాత్రమే. ఇన్నేళ్ళూ ఆ మైకు హారన్ల కిందే నిలబడ్డాడు కదా. మైకుసెట్టాయనకి చెవుడంటే పెళ్ళికి ఎవరు పిలుస్తారని ఎవరికీ చెప్పనివ్వలేదు. మీకు అసలే చెప్పొద్దన్నాడు."

పెళ్ళిళ్ళూ ఎలక్షన్లూ ఎందుకు అడ్డొచ్చాయో అప్పటికి తెలిసింది. ఒక చెవివాడికి జత ఎందుకు? లోపలికి వచ్చి నా పెట్టెని వాడి కుడి చెవి పక్కకి జరిపాను. వాడి పెట్టె తీగ పీకేశాను. అదే పాట మళ్ళీ మొదట్నుంచి పెట్టాను. వాడు కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నాడు. ఆ పాత గొంతుని గుర్తుపడతాడనే అనుకున్నాను. ఒక్క ముక్క అంటే చాలు, మిగతాదంతా మర్చిపోదామనుకున్నాను.

పాట అయ్యాక నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఏమనుకోకురా, నీది బాగా మందగించింది. నాది బాగు చేయించిన చోటే ఇచ్చెయ్. నా పేరు చెప్పు, తగ్గిస్తాడు." ఆగి, మళ్ళీ తనే అన్నాడు. "అసలు రెండూ నువ్వే తీసుకుపో. ఎన్నేళ్ళు అడిగావు! ఉన్నదున్నట్టు ఎట్లా ఇస్తానని బాగు చేయించి పెట్టా."

జానీబీ వాడరేవు చేపలతో పులుసు పెట్టింది. రుచి నాకు గుర్తులేదు. వాడరేవు అక్కణ్ణుంచి దగ్గరే, మీరు వెళ్తే సాయంత్రం దాకా సముద్రం దగ్గర ఉండి రావచ్చు. నేను వెళ్ళలేదు. రెండు పెట్టెలూ వెనక సీట్లో పెట్టుకుని తిన్నగా ఇంటికొచ్చాను. దారిలో పాటలు పెట్టనా సార్ అన్నందుకు పాపం శ్రీనుని కసిరాను.

ఇప్పుడు మా హాల్లో జత ఉంది. చూసినవాళ్ళు బాగుందంటున్నారు. హారన్ల మీద, ఆ షాపువాడి మీద, మస్తాన్ మీద, అందరి మీదా కోపంగానే ఉంది నాకు. వాడు నా కోసం చేసిన పనే నాకున్నది పోగొట్టింది, అందుకు వాణ్ణి తిట్టడానికి కూడా వీల్లేదు. గోడ ముందు ఆవిడ నిలబడేదని ఇక నేనొక్కణ్ణే చెప్పుకోవాలి. మీరు ఇలాంటి పాత జత కోసం ఎవరి దగ్గరికైనా వెళ్తుంటే ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఏమీ బాగు చేయించొద్దని ముందే చెప్పండి. అది ఫోన్లో కాదు, ఒకసారి ఎదురుగా వెళ్ళి, ఆ మనిషి మీవైపు ఏ చెవి తిప్పుతున్నాడో చూసి, ఆ చెవిలో చెప్పండి.