పూజ పళ్లెంలో ఉండిపోయిన నట్టు

కోవిల్‌పట్టిలో మా బావకి కంప్రెసర్ల వర్క్‌షాపు ఉండేది. గాలిని నెట్టే ఇంపెల్లర్ అనే ఉక్కు చక్రాన్ని షాఫ్టుకి ఎక్కించడం, దింపడం మా పని. ఎక్కిందంటే బిర్రుగా పట్టుకుంటుంది. దింపాలంటే షాఫ్టుకీ చక్రానికీ మధ్య పంపుతో నూనె కొట్టాలి. పట్టు వదిలిందా, ఒక్క ఉదుటున ముందుకి దూకుతుంది. అందుకే షాఫ్టు కొనకి పెద్ద నట్టు కాస్త వదులుగా పెట్టి ఉంచుతాం. దూకిన చక్రం దానికి తగిలి ఆగుతుంది.

"నేరుగా నిలవొద్దురా. అది వచ్చేప్పుడు అయినోడా కాదా అని సొంతం బందం సూడదు" అని బావ నన్ను తిట్టని రోజు లేదు. విని విని విసుగొచ్చేది.

ఆయుధ పూజకి అక్క షాపుకొచ్చింది. బావ విప్పి పెట్టిన ఆ నట్టుని తనే తోమి, కుంకుమ పెట్టి, స్పానర్లతో పాటు పళ్లెంలో ఉంచి బంతిపూలు కప్పింది. మర్నాడు హారతిచ్చేదాకా పూజలో పెట్టినవి మావాళ్లు ముట్టుకోరు. షాఫ్టు కొనకి గీతలు పడకుండా బావ గుడ్డ చుట్టాడు.

తెల్లారి అక్క ఇంకా రాలేదు. కంప్రెసర్ ఎప్పుడిస్తారని విరుదునగర్ మిల్లు నుంచి ఒకటే ఫోన్లు. బావ హడావిడిగా పంపు బిగించాడు. ఆ తొందరలో ముందురోజు విప్పిన సంగతే మరిచి, గుడ్డ కింద నట్టు ఉందనే ఇద్దరం అనుకున్నాం. ఎంత కొట్టినా చక్రం కదల్లేదు. నూనె కారుతోందని తుడవడానికి బావ ముందుకెళ్లాడు. అన్నేళ్లు నన్ను తిట్టిన మనిషి! తలచుకుంటే ఇప్పటికీ ఏడుపు కంటే ముందు కోపమే వస్తుంది.

ధన్‌మంది. చక్రం బావని గోడకేసి కొట్టింది.

అంబులెన్సులో మదురైకి బయల్దేరాం. సాత్తూరు దాటాక బావ కళ్లు తెరిచాడు.

"నట్టు యాడరా?"

పూజ పళ్లెంలో ఉండిపోయిందని చెప్పాను. ఊపిరి కోసం పెనుగులాడుతూనే నా చొక్కా పట్టుకున్నాడు.

"అక్కకి సెప్పొద్దు. నట్టు పగిలిందను."

విరుదునగర్ చేరకముందే పోయాడు.

అక్క చూడకముందే షాపుకెళ్లి, పళ్లెంలోంచి నట్టుని తీసి ఇనప తుక్కులో పారేశాను. పొద్దున్నే పళ్లెంలోంచి తీసి బిగించామని, అది పగిలిపోయిందనే చెప్పాను. నమ్మింది.

అప్పట్నుంచి అక్క ఏ పూజా చేయదు. ఆయుధ పూజ వచ్చినప్పుడల్లా నన్ను ఒకటే అడుగుతుంది:

"నా సేత్తో బొట్టు పెట్టిన నట్టు గదరా. అదే ఎట్ట పగిలింది? నా సెయ్యే మంచిది కాదా?"