చైన్ తుడిచిన గుడ్డ

మధ్యాహ్నం రెండున్నరకు కంకిపాడు చేరాం. రెండు లారీలు, ఆరు మోటారు సైకిళ్లు, పద్నాలుగు మంది. వాన ఆగి మూడు గంటలైంది. మాకిచ్చిన బస ఒక ఫంక్షన్ హాలు. వరద నీళ్లు దాని మూడో మెట్టు దాకా వచ్చి ఆగాయి. భోజనాల హాల్లో బండ్లు పెట్టాం. పెళ్లికూతురు గదిలో రేడియో పెట్టాం. గోడ మీద ఎవరివో పెళ్లి పేర్లు థర్మోకోల్ అక్షరాల్లో ఇంకా ఉన్నాయి.

నేను అప్పుడు లెఫ్టినెంట్‌ని. ఇంజినీరింగ్ చదివి సైన్యంలో చేరాను. వాహనాల మరమ్మతు నా బాధ్యత. పుట్టి పెరిగింది విజయవాడ వన్‌టౌన్‌లో. అమ్మ ఇరవై కిలోమీటర్ల లోపే ఉంది. పదకొండు రోజుల్లో ఒక్కసారీ వెళ్లలేదు.

లారీ పోలేని కాలవ గట్ల మీద మా మోటారు సైకిళ్లు పోయేవి. వెనక పెట్టెలో ఇన్సులిన్, పాముకాటు మందు, జ్వరం మాత్రలు. గట్టు నిండా చీలమండ లోతు ఒండ్రు. ఇంజిన్ బలాన్ని వెనక చక్రానికి చేర్చేది చైన్. నీళ్లు దాని నూనెను కడిగేస్తాయి. ఒండ్రులోని ఇసుక లింకుల్లో దూరి లోపలినుంచి అరగదీస్తుంది. మంచి రోడ్డు మీద ఏళ్లు నడిచే చైన్ అక్కడ నాలుగు రోజులకే సాగింది. బొటనవేలితో నొక్కితే అంగుళం కదలాలి. మావి రెండంగుళాలు కదులుతున్నాయి.

ఐదో రోజు ఒక బండి చైన్ ఊడి వెనక చక్రం పట్టేసింది. నడిపేవాడు బండితో సహా కాలవలో పడ్డాడు. ఈత వచ్చు కాబట్టి బతికాడు. ఆ సాయంత్రమే ఆదేశం రాసి గోడకు అంటించాను. ప్రతి ట్రిప్పు తర్వాత చైన్‌ని కిరసనాయిలుతో కడగాలి, తుడవాలి, తొంభై నంబర్ ఆయిల్ వెయ్యాలి. ఇంజిన్ ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ చెయ్యాలి. హవల్దార్ మెకానిక్ గడియారం పెట్టి చూశాడు. బండికి పాతిక నిమిషాలు.

గుడ్డలకు లోటు లేదు. జనం పంపిన పాత బట్టల మూటల్లో చిరిగినవన్నీ మాకే ఇచ్చారు.

ఎనిమిదో రోజు మూడూ ఇరవైకి మందులు చేరవేసే డిస్పాచ్ రైడర్ ఒకడు తిరిగొచ్చాడు. అవనిగడ్డ వైపు మనిషి. ఉదయం ఐదింటినుంచి బండి మీదే ఉన్నాడు. భోజనాల హాల్లోకి వచ్చినప్పుడల్లా తన పప్పన్నం ఇక్కడే పెట్టించమని హవల్దార్‌ని అడిగేవాడు. ఆ రోజూ అడిగాడు.

"ముందు ఆ బురద కడుక్కో, పెళ్లికొడకా," అన్నాడు హవల్దార్.

రేడియో పలికింది. "ఇంకో ఊరికి మందులు పోవాలి. మూడున్నరకి బండి కదలాలి. ఓవర్."

అరగంట అడిగాను. అవతల మా పై అధికారి గొంతు మారలేదు. "మూడున్నర. అవుట్."

బయటికొచ్చి చెప్పాను. పది నిమిషాలే ఉన్నాయని, అయినా చైన్ తుడవకుండా బండి కదలకూడదని.

"మేడమ్, రెండూ కుదరవండి," అన్నాడు రైడర్.

"కుదుర్చుకో," అన్నాను.

కుదుర్చుకున్నాడు. బండిని సెంటర్ స్టాండ్ ఎక్కించి, స్టార్ట్ చేసి, మొదటి గేరులో వేశాడు. చక్రం తనంతట తనే తిరుగుతుంటే గుడ్డ పట్టుకుని కూర్చుంటే చాలు. పాతిక నిమిషాల పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది. నేను నాలుగు గజాల దూరంలో ఉన్నాను. చూశాను. గడియారం కూడా చూశాను. ఇంజిన్ ఆపమనలేదు.

గుడ్డ పళ్లచక్రంలో పడింది. దాని వెంట కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు. హవల్దారే పరిగెత్తి తాళం తిప్పాడు.

బండి మూడూ ముప్ఫైయారుకి ఇంకో రైడర్‌తో బయల్దేరింది. చేరింది. ఆ ఊరికి పొద్దున్నే పడవలో మందులు అందాయని ఐదింటికి రేడియోలో తెలిసింది.

రెండు రోజుల తర్వాత ఆసుపత్రికి వెళ్లాను. విచారణ కాగితం అప్పటికే నా చేతికొచ్చింది. అది డ్యూటీలో తగిలిన గాయమా, సొంత నిర్లక్ష్యమా అన్నది తేల్చాలి. మొదటిదైతే సైన్యం అతన్ని చూసుకుంటుంది. రెండోదైతే ఇంటికి పంపేస్తుంది. ఆ సంగతి అతనికీ తెలుసు.

"ఇంజిన్ తిరుగుతుండగా మీరు చూశారు కదండీ. టైమివ్వలేదనీ మీకు తెలుసు. ఆ రెండు ముక్కలూ రాయండి మేడమ్, చాలు."

"చూద్దాం," అన్నాను.

చూద్దాం అంటే మన వైపు అర్థం ఏమిటో అతనికి వేరే చెప్పక్కర్లేదు. మొహం గోడకి తిప్పుకున్నాడు.

కాగితంలో నన్నడిగిన ప్రశ్న ఒకటే. ఇంజిన్ ఆపి తుడవాలన్న ఆదేశం ఉందా? ఉంది అని రాశాను. గోడమీది కాగితం తీసి జతచేశాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. సొంత నిర్లక్ష్యమని తేల్చారు.

పదకొండో రోజు వెనక్కి బయల్దేరాం. ఊరివాళ్లు బంతిపూల దండలు వేశారు. నా మెడలోనూ వేశారు. వేయించుకున్నాను.

ఐదేళ్లు నిండగానే ఉద్యోగం వదిలేశాను. ఇప్పుడు వన్‌టౌన్‌లోనే ఉంటున్నాం. పాపకి మూడేళ్లు. సైన్యంలో చేశానని తెలిసినవాళ్లు ధైర్యం గురించి అడుగుతారు. బండి స్టాండు మీద ఉంటే పాపని ఆ వైపు నడవనివ్వను. ఇంజిన్ ఆగి ఉన్నా సరే.

మొన్న ఆదివారం మా ఆయన బండి చైన్ తుడుచుకుంటానని, పాపకి పొట్టిదైపోయిన గౌను ఒకటి గుడ్డకిమ్మన్నాడు. ముందు వెళ్లి బండి తాళంచెవి తీసి కొంగున కట్టుకున్నాను. గౌను ఇవ్వలేదు. మంచి తువ్వాలు చింపి ఇచ్చాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

ఆ రోజు రైడర్ చేతిలో ఉన్నది చంటిపిల్ల గౌను. పసుపు రంగు, చిన్న చిన్న తెల్లపూలు. కిందినుంచి పళ్లచక్రంలోకి వెళ్లింది. పైనుంచి తిరిగొచ్చి చైన్ మీద ఆగింది. చైన్ అప్పటికి శుభ్రంగా ఉంది.