నాడెను విసిరిన కాయిల్

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవి. కరీంనగర్ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతూ, ఖాళీ దొరికితే కాయిల్ లాంచర్‌తో కుస్తీ పట్టేదాన్ని. గొట్టానికి చుట్టిన రాగి తీగలోకి ఒక్కసారిగా కరెంటు వదిలితే లోపలి ఇనుము దూసుకుపోతుంది. నేను తుపాకీ చేస్తున్నానని స్టాఫ్‌రూంలో పుకారు లేచింది. వాళ్ల మొహం! నేను చేస్తున్నది నేతపని చేసే రాజేశం సాంచెకు.

సాంచె అంటే పవర్‌లూమ్. అందులో దారం మోసే నాడెను ఒక కట్టె అటూ ఇటూ ఫట్ ఫట్‌మని కొడుతుంది. రాజేశం ఇంటి ముందు గదిలో ఉన్నది ఒకటే సాంచె, ఆ ఇంటికి అదే కూడు.

"చెవులు కొంచెమే తగ్గినయట మేడం. గీ చప్పుడుల్నే ఉంటే మొత్తం పోతయన్నడు డాక్టరు. నాకైతే అప్పుడే పోయినయేమోనని ఫికర్" అన్నాడు. కట్టె తీసేసి రెండు వైపులా కాయిళ్లు బిగిస్తానని మాటిచ్చేశాను.

మొదటి రోజు నాడె జానెడు దూరం పోయి వెనక్కొచ్చింది. నాడెకు బిగించిన ఇనుము కాయిల్ నడిమికి చేరకముందే కరెంటు తెగాలి. లేకుంటే విసిరిన కాయిలే వెనక్కి గుంజుతుంది. దాన్ని సక్‌-బ్యాక్ అంటాం.

"గడప దాటి, ఏదో మర్శినట్టు మళ్ల లోపటికే వస్తుంది గదా!" అన్నాడు రాజేశం. నాకు ఒళ్లు మండింది.

నాడెను కనిపెట్టి సమయానికి కరెంటు తెంపే సెన్సర్ పెట్టాను. ఈసారి నాడె సర్రున పోయింది, సర్రున వచ్చింది. ఫట్ ఫట్ లేదు. గుడ్డ పడుతోంది. అప్పుడు వంటగదిలోంచి రాజేశం భార్య భూలక్ష్మి గొంతు ఖంగుమంది.

"గా మేడంకు పనిలేదు, గీ మనిషికి తెలివిలేదు! ఉన్న ఒక్క సాంచెను ఇప్పి కుప్ప వోసిండ్రు. ఇద్దరికీ పొద్దుందాక నేను చాయలు వొయ్యాలె!"

నేను నోరు తెరవబోయాను. "ఆగుండ్రి మేడం, జర విననియ్యుండ్రి" అన్నాడు రాజేశం.

భూలక్ష్మి చాయ గ్లాసులతో వచ్చి, తిరుగుతున్న సాంచెను చూసి నిలబడిపోయింది.

"నడుస్తనే ఉన్నదా? మరి నేనన్నయన్నీ..."

"ఇన్నేండ్లు చప్పుడుల గివేనా అన్నవ్?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. రాజేశం నావైపు తిరిగాడు. నవ్వుతున్నాడు, కళ్లలో నీళ్లు. "డాక్టరు చెప్తే నమ్మలే మేడం. నా చెవులు పోలే. ఒక్క తిట్టు సుత పోలే!"

ఇప్పుడు ఏ యంత్రం గీసినా, అదెంత బలంగా విసురుతుందో లెక్కగట్టే ముందే, పక్క గదిలో ఎవరుంటారని అడుగుతాను. వాళ్లు నా గురించి ఏమనుకుంటున్నారో మాత్రం అడగను.