అవ్వ బతికుండగా చదివిన అవ్వ జీవితం

మా అవ్వ జీవిత చరిత్ర రాసింది నేను. అవ్వను సమాధి చేసిన రోజున చర్చిలో అందరి ముందూ దాన్ని చదివింది మాత్రం మా చిన్నాయన కొడుకు. ఇది అన్యాయం. నలభై రెండేళ్లుగా ఇదే మాట అంటున్నాను, ఇప్పుడూ అంటున్నాను. వాడికి అప్పుడు పందొమ్మిదేళ్లు. గుల్బర్గాలో కన్నడం చదువుకుంటూ తెలుగును కూడబలుక్కునేవాడు. అవ్వ ఆయాగా పనిచేసిన ప్రసవాల వార్డు మాట వచ్చిన చోట సిగ్గుతో నీళ్లు నమిలాడు. మూడో బెంచీలో కూర్చుని నేను పళ్లు కొరుక్కున్నాను (అప్పట్లో కొరుక్కోవడానికి ఉండేవి).

నా చిన్నప్పుడు చదువు బడిలోనే వస్తుందని నాతో ఎవరూ అనలేదు, అన్నా వినే తీరిక నాకు లేదు. కన్నడ బడిలో నాలుగో తరగతితో సరిపెట్టి, గాంధీ గంజ్ బజారులో ఒక సేటు పప్పుల కొట్లో గోనె సంచుల మీద కుంచెతో ఊళ్ల పేర్లు రాసే పనికి కుదిరాను. తెలుగు మాత్రం, అవ్వ చర్చి పాటల పుస్తకం ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నదే. అవ్వ అంటే మా నాయన తల్లి. నన్ను కని మా అమ్మ పోయింది, నాయన లారీ మీద ఊళ్లు తిరిగేవాడు, నన్ను పెంచింది అవ్వే. పొద్దున లేస్తూనే మోకాళ్ల మీద కూర్చుని వీధిలో అందరి పేర్లూ వరసగా దేవుడికి వినిపించేది. ఆ జాబితాలో పక్కింటి మేకలత్తా ఉండేది, ఆమె మేకలూ ఉండేవి.

మా వాళ్లలో మనిషి పోతే, సమాధికి ముందు చర్చిలో ఆ మనిషి జీవిత చరిత్ర చదువుతారు. ఎక్కడ పుట్టారు, బాప్తిస్మం ఎప్పుడు పొందారు, పిల్లలెంతమంది, ఏ తేదీన ప్రభువునందు నిద్రించారు, అన్నీ అందులో ఉంటాయి. ఒకసారి మా పేట చిద్రిలో ఒక ముసలామెది చదువుతూ పాస్టరుగారు ఆమెను శాంతమూర్తి అన్నారు. ఆ శాంతమూర్తితో ఇరవై ఏళ్లు నల్లా దగ్గర కొట్లాడిన అవ్వ, ఇంటికి వచ్చి చెప్పులు విడవకముందే నన్ను పిలిచింది.

“నాది నువ్వు రాయి బిడ్డా. ఉన్నదున్నట్టు రాయి. నల్లాకాడ కొట్లాడింది గూడ రాయి. పైనున్నాయనకు ఎర్కనే, కిందున్నోళ్లకు ఎర్కనే. ఇగ దాసి ఎవల్ని మోసం జేస్తం?”

నాకు భయం వేసింది. ఎందుకంటే నా రాత సంగతి నాకు తెలుసు. సంచి మీద కమలనగర్ అని రాస్తే ఆ సంచి కమలనగర్ చేరుతుంది, ఒక్కటీ దారి తప్పలేదు. అలాంటి చేత్తో అవ్వ పేరు రాసి, కింద ‘ప్రభువునందు నిద్రించెను’ అని రాస్తే ఆమె ఎక్కడికి చేరుతుంది? చెబితే నవ్వుతుందని చెప్పలేదు. నాలుగు ఆదివారాలు ఆమె చెబుతుంటే తల వంచుకుని రాశాను. రాసిన ప్రతిసారీ పడుకునే ముందు ఆమె ఊపిరి విని పడుకునేవాణ్ని.

ఐదో ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక చదివి వినిపించమంది. నేను స్టూలు లాక్కునేసరికి ఆమె తెల్లచీర సర్దుకుని మంచం మీద వెల్లకిలా పడుకుంది, గుండెల మీద చేతులు పెట్టుకుంది, కళ్లు మూసుకుంది. ఇదేమిటని అడిగితే, “కూసోని ఇంటే ఎట్ల తెలుస్తది? ఆనాడు నేను కూసోను గదా,” అంది. తప్పు వస్తే వేలెత్తుతానని, వేలు లేవకపోతే ఆగకుండా చదవమని చెప్పింది.

చదవడం మొదలుపెట్టాను. మొదటి పేజీలో మూడుసార్లు వేలు లేచింది. పిల్లలు ఆరుగురు అన్నప్పుడైతే నోరు కూడా తెరిచింది. పురిట్లో పోయిన పిల్లను కలిపి ఏడుగురని దిద్దించింది. రెండో పేజీలో నిద్రించిన తేదీ దగ్గరికి వచ్చాను. అక్కడ ఖాళీ వదలాలి. కానీ ‘ఖాళీ నెల ఖాళీ తేదీన’ అని చదివితే బాగుండదని, ధార చెడకుండా ఉండాలని, పెన్సిలుతో ఆ రోజు తేదీ వేసి పెట్టుకున్నాను (ఇరవై ఏళ్ల తెలివి). గొంతు పెంచి ఆ తేదీ చదివాను, నిద్రించెను అన్నాను, తలెత్తి చూశాను. వేలు లేవలేదు.

ఇంకో వాక్యం చదివాను. లేవలేదు. కావాలనే తప్పు చదివాను, అవ్వ హుమ్నాబాద్‌లో పుట్టిందని. లేవలేదు. అవ్వ స్వరం మధురమని చదివాను. లేవలేదు. చివరికి తెగించి, మా తాత ఆమెకు రెండో పెనిమిటి అన్నాను. బతికున్న అవ్వ అయితే ఆ మాటకు మంచం విరిగేది. చేతులు అలాగే ఉన్నాయి. ముట్టుకుని చూడొచ్చు కదా అంటారు మీరు. ముట్టుకుంటే తెలిసిపోతుంది కదా. నేను చదువుతున్నంతసేపూ ఆమె పోనట్టేనని నాకు నేనే ఒక లెక్క వేసుకుని, అయిపోయిన కాగితాన్నే మళ్లీ మొదటి నుంచి చదువుతూ, ఉమ్మి తడి చేసిన వేలితో ఆ తేదీని రుద్దసాగాను. ప్రభువా, ఆ తేదీ వేసింది నేను, నువ్వు కాదు అని వేడుకున్నాను. తేదీ పోలేదు, కాగితానికి చిల్లి పడింది.

అప్పుడే మేకను వెతుక్కుంటూ మేకలత్త వాకిట్లోకి వచ్చింది. తెల్లచీరలో అవ్వను, ఏడుస్తూ జీవిత చరిత్ర చదువుతున్న నన్ను చూసి, అక్కడే కూలబడి శోకం ఎత్తుకుంది. ఆ కేకకు అవ్వ కళ్లు తెరిచింది. లేచి మంచం దిగింది. ఏమైందని అడగలేదు, నేరుగా వెళ్లి మేకలత్త మెడ చుట్టూ చేతులు వేసి తనూ ఏడ్చింది. ఇద్దరూ బాగా ఏడ్చారు. కాస్త తెరిపిన పడ్డాక కళ్లు తుడుచుకుంటూ, “ఎవలు పోయిండ్రే?” అంది.

నవ్వింది మేకలత్త ఒక్కతే. నేను నవ్వలేదు. గోడకు ఆనుకుని అలాగే జారి కూర్చున్నాను. అవ్వ నా ముఖం చూసింది, చేతిలోని కాగితం చూసింది, చిల్లి చూసింది. మూడు రోజులు జ్వరం కాసింది నాకు. ఆ మూడు రోజులూ నా మంచం పక్కనే కూర్చుని, మధ్య మధ్య నా చేయి తీసుకుని తన మెడ దగ్గర నాడి మీద పెట్టింది.

ఆ తర్వాత అవ్వ పదకొండేళ్లు బతికింది. పోయినప్పుడు ఆ చిల్లి కాగితమే ఆమె బైబిల్లోంచి తీశారు. నేను చదవడానికి లేచి నిలబడితే, చిన్నాయన నా భుజం నొక్కి కూర్చోబెట్టి కొడుకును పంపాడు. ఎందుకని అప్పుడే అడిగాను. పెళ్లిళ్లలో అడిగాను, క్రిస్మస్‌లకు అడిగాను, ఒకసారి ఆయన పంటికి వైద్యం చేయించుకుంటుంటే అక్కడా అడిగాను. అడిగినప్పుడల్లా చాయ్ తాగు అనేవాడు.

పోయిన నెల చిన్నాయన ఉండే కమలనగర్ వెళ్లాను. ఆయనకు ఎనభై ఎనిమిది, నాకు డెబ్బై మూడు. మోకాళ్ల నొప్పులతో బస్సు దిగి, మందుల సంచి పక్కన పెట్టి, నీళ్లయినా తాగకుండా పిల్లాడిలా మళ్లీ అదే అడిగాను. నా వాలకం చూసి నాకే నవ్వొచ్చింది. ఆయన మాత్రం ఈసారి చాయ్ మాట ఎత్తలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నాడు:

“మీ అవ్వనే వద్దన్నదిరా. ‘వాడు ఒకపారి చదివి సచ్చేటంత భయపడ్డడు. ఆనాడంటే లేచి కూసున్న. మల్ల భయపడితే లేచెటందుకు నేనుండ గదా, వానితోని చదివియ్యకు’ అన్నది.”