అంకెలు గీకేసిన బోర్డు

మా మావయ్యగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారన్న కబురు నాకు గుడివాడ బస్టాండులో తెలిసింది. "ఎక్కడున్నావే? మీ మావయ్య ఇక లేరే," అంది అత్తయ్య ఫోన్లో. ఎక్కడున్నానో చెప్పలేకపోయాను. పంటి నొప్పి, డాక్టరు దగ్గరికెళ్తున్నానని అబద్ధమాడి, కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళాను మరి. బందరు బస్సెక్కితే పెడన దగ్గర రైల్వే గేటు పడింది. ముందు లారీ, వెనక లారీ, కిటికీకి ఆనుకుని గడ్డి ట్రాక్టరు. దిగి పరిగెడదామన్నా తోవ లేదు. ఆ సీట్లో కూర్చుని నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయను.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. బందర్లో టీవీ రిపేరు షాపు ఆయనది. డిప్లమా అయ్యాక పని నేర్చుకుందామని ఇరవై ఏళ్ళ కిందట ఆ మెట్లెక్కాను. "ఆడపిల్లవి, షాకు కొడితే ఏడుస్తావా?" అన్నారు. "మీకు కొట్టినప్పుడు మీరేం చేస్తారండీ?" అన్నాను. పెద్దగా నవ్వి స్క్రూడ్రైవరు చేతికిచ్చారు. ఆ రోజు నుంచి ఆయన మావయ్య, ఆవిడ అత్తయ్య.

ఏ బోర్డు వచ్చినా ముందు వాసన చూసేవారు. కాలిందా, తడిసిందా, ఎలక తిరిగిందా అన్నది మీటరు కన్నా ముందు ఆయన ముక్కే చెప్పేది. "చూడు, వాసన చూడు, తర్వాత మీటరు పెట్టు. పీకడం మాత్రం అన్నిటికన్నా ఆఖరున. మన ఊరి ఉప్పుగాలికి చిప్పుల కాళ్ళు పుచ్చిపోయుంటాయమ్మా, లాగితే చేతిలోకొస్తాయి," అనేవారు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేదాన్ని. టీవీ వెనక కూర్చుని సరిచేసేటప్పుడు బొమ్మ కనబడాలని ఎదురుగా ఒక అద్దం పెట్టుకునేవారు. ఆ అద్దం చెక్క ఫ్రేముకి ఆయన వేళ్ళ మరకలు ఇప్పటికీ ఉన్నాయి.

నాలుగేళ్ళ కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. షాపు వెనక గదిలో మంచం వేశాం. ఆ గదికి కిటికీ లేదు. తలుపు తీస్తే షాపు, షాపు అవతల షట్టరు, అంతే. ఆయనకి షాపు కనబడాలని ఆ అద్దాన్నే తలుపు పక్కన గోడకి తగిలించాను. మంచం మీద నుంచే నా బల్ల చూస్తూ, "మీటరు తిరగేసి పెట్టావు చూసుకో," అని కేకేసేవారు. ఇప్పటి టీవీలకి రిపేరేముంది, ప్యానెల్ పోతే పారేయడమే. బేరాలు తగ్గిపోయాయి. ఆయన మంచం మీద, నేను బల్ల దగ్గర, ఒకరినొకరు అద్దంలో చూసుకుంటూ రోజులు గడిపాం. నాకు ఊపిరాడేది కాదు. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ నిజం.

అప్పుడొచ్చింది ఆ బోర్డు. అవనిగడ్డ నుంచి ఒకాయన పాత గోడౌను ఖాళీ చేస్తూ సిమెంటు సంచిలో పెట్టి తెచ్చాడు. "వీడియో గేముదండీ, తిరునాళ్ళలో ఆడించేవాళ్ళట. మీ షాపు నుంచే వచ్చిందని మా నాన్న అనేవాడు," అని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. పెద్ద పళ్ళెమంత బోర్డు. పేరు లేదు, చీటీ లేదు. పైగా చిప్పులన్నిటి మీదా ముద్రించిన నెంబర్లు ఎవరో గరుకు కాగితంతో శుభ్రంగా గీకేశారు. నెంబరు లేనిదే ఏ చిప్పు ఏమిటో తెలియదు, తెలియనిదే కొత్తది వేయలేం. "ఏ దరిద్రుడు గీకాడో గానీ, వాడి చేతులు పడిపోనూ!" అన్నాను.

వెనక గదిలోంచి నెమ్మదిగా జవాబొచ్చింది. "నేనేనమ్మా. పడిపోయింది కూడా."

నాలుక కరుచుకుని లోపలికి పరిగెత్తాను. ఆయన నవ్వుతున్నారు. కుర్రతనంలో సినిమా హాలు పక్కన వీడియో గేముల షాపు నడిపారట. గుడివాడలో ఇంకో మెకానిక్ ఉండేవాడట, ఈయన బోర్డు చూసి నెంబర్లు రాసుకుపోయి అలాంటిదే తయారు చేసేవాడట. అందుకని ఏ బోర్డు చేతికొచ్చినా ముందు నెంబర్లు గీకేసేవారట. "మరి ఇందులో ఏ చిప్పు ఏదో చెప్పండి," అన్నాను. కళ్ళు మూసుకుని చాలాసేపు వెతుక్కున్నారు. పక్షవాతం వచ్చాక ఆయనకి మనుషులు గుర్తున్నారు, అంకెలు పోయాయి. "నేను చిప్పుల మీద గీకాను, ప్రభువు నా బుర్ర మీద గీకాడమ్మా," అన్నారు.

నేను వేరే ఉద్యోగం చూసుకుంటానన్నప్పుడల్లా ఆయనది ఒకటే మాట. "ఆ బోర్డుని ఒక్కసారి లేపి వెళ్ళవే. నువ్వు లేపగా చూడాలి." కోపమొచ్చేది. ఆయన కట్టేసిన ముడి, విప్పాల్సింది నేను!

అయినా మొదలుపెట్టాను. చిన్న చిప్పులకి ఒక మూల కాలు కరెంటుది, ఎదురు మూల కాలు ఎర్తుది. నెంబరు లేకపోయినా అది మారదు. అక్కడి నుంచి తీగ పట్టుకుని అంచుదాకా వెళ్ళి, కరెంటు ఎక్కడివ్వాలో కనుక్కున్నాను. మూడు గుంపులుగా ఉన్న రెసిస్టర్లు దొరికాయి. బొమ్మలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు అక్కడి నుంచే తెరకి వెళ్తాయని ఆయనే చెప్పారు. రెండు నెలలకి పాత మానిటర్ వెలిగింది. తెర నిండా పిచ్చి గీతలు. ఒక్క క్షణం నిలబడి, ఆరిపోయి, మళ్ళీ మొదటికి. మళ్ళీ గీతలు, మళ్ళీ ఆరడం. లోపల ఏదో జవాబివ్వక, బోర్డు తనని తానే తిరిగి మొదలుపెట్టుకుంటోంది. జ్ఞాపకం దాచుకునే చిప్పు ఒకటి పోయిందని ఇద్దరం అనుకున్నాం. అలాంటి ఒడ్డూపొడుగుతో, సాకెట్లలో గుచ్చినవి ఆరున్నాయి. అన్నీ బోడివే. తప్పు చిప్పు పెడితే ఉన్నది కూడా కాలిపోతుంది. అక్కడ ఆగిపోయాం. ఏడాదిన్నర అక్కడే ఉన్నాం.

ఈ వేసవిలో ఆయనకి రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి మాట కూడా పోయింది. ఎడమ చెయ్యి, కళ్ళు మిగిలాయి. అద్దంలో నా బల్లకేసి చూస్తూ ఎడమ అరచేతిని బోర్లించేవారు, వెల్లకిలా తిప్పేవారు. మళ్ళీ బోర్లించేవారు. "పక్కకి తిప్పమంటున్నారే, ఒళ్ళు నొప్పేమో," అనేది అత్తయ్య. ఇద్దరం పట్టుకుని జాగ్రత్తగా అటు తిప్పి పడుకోబెట్టేవాళ్ళం. అటు గోడ. అద్దం కనబడదు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారేవి. నొప్పి అనుకుని నూనె రాసేవాళ్ళం. ఒకసారి ఎందుకో అనుమానమొచ్చి బోర్డునే తిరగేసి చూపించాను. తల అడ్డంగా ఊపి, కళ్ళు మూసుకున్నారు.

సమాధి కార్యక్రమమైన నాలుగో రోజు ఉద్యోగం వచ్చిందని గుడివాడ నుంచి ఫోనొచ్చింది. సోమవారం చేరమన్నారు. నన్ను పట్టి ఉంచినవేవీ ఇక లేవు. సామాను సర్దుతుంటే బోర్డు కనబడింది. ఒళ్ళు మండింది. "ఉండు, ఇవాళ నీ సంగతి తేలుస్తాను," అని, ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆయన మాట జవదాటాను. ఆ ఆరింట్లో ఒక చిప్పు కింద సన్న స్క్రూడ్రైవరు దూర్చి పీకేశాను. కాళ్ళు నల్లగా ఉన్నాయి, ఒకటి విరిగింది. విరిగితే విరిగిందని అరచేతిలో వేసుకుని బోర్లించాను.

చిప్పు పొట్ట మీద తెల్లరంగుతో, సూదిమొనతో రాసిన సన్నటి అంకెలు. ఆయన దస్తూరీ.

అందరికీ కనబడే చోట గీకేసి, తనకోసం కింద రాసి పెట్టుకున్నారు. మాట పోయాక గుర్తొచ్చినట్టుంది, చెయ్యి బోర్లించి ఆయన చెప్పింది అదే. మేమేమో ఆయన్ని గోడవైపు తిప్పాం. రోజూ తిప్పాం. నేను బల్ల మీద తలపెట్టి గట్టిగా ఏడ్చాను.

ఆరూ పీకాను. ఆరింటి కిందా నెంబర్లున్నాయి. కాలు విరిగింది జ్ఞాపకం చిప్పే. ఆ రకం చిప్పులు మా షాపులోనే, పాత మాత్రల డబ్బాలో ఇన్నాళ్ళూ ఉన్నాయి. ఒకటి తీసి పెట్టాను. మిగతావాటి కాళ్ళు తుడిచి ఎక్కడివక్కడ నొక్కి, స్విచ్ వేశాను.

గీతలు రాలేదు. తెర నల్లబడి, మెల్లగా ఏవో అక్షరాలు వచ్చాయి. జపానువో ఏమో, నాకు చదవడం రాదు. దాని పేరేమిటో ఇప్పటికీ తెలియదు. తర్వాత నాలుగు గోడల గదిలో ఒక చిన్న మనిషి, ఎవరూ ఆడించకుండానే, తలుపు కోసం అటూ ఇటూ తిరుగుతున్నాడు. కీచుగా పాట మొదలైంది. వంటింట్లోంచి అత్తయ్య తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చింది. "ఇది... కొత్తగా పెళ్ళైనప్పుడు మీ మావయ్య షాపులో రోజంతా మోగేదే!" అంది. కొంగుకి చేతులు తుడుచుకుంటూ గడప మీద కూర్చుంది.

నేను లోపలి గదిలోకి వెళ్ళాను. మావయ్య మంచం మీది దుప్పటి అత్తయ్య ఇంకా తియ్యలేదు. దులిపేటప్పుడు ఎవరో కదిపినట్టున్నారు, అద్దం పక్కకి ఒరిగి ఖాళీ గోడని చూపిస్తోంది. ఫ్రేము పట్టుకుని, ఆయన తలగడ వైపు కొంచెంగా తిప్పి, తలగడ పక్కనుంచి చూశాను. అద్దంలో ఆ చిన్న మనిషికి తలుపు దొరికింది.